కోతి మీద ఒట్టు!

ప్రాణం పోయినా అమ్మేది లేదు, మాది వజ్రాల చెయ్యి అని ఒట్లు పెట్టుకున్నారు ఎన్‌ఎఫ్‌టీ (డిజిటల్ ఆస్తి) కోతి బొమ్మల భక్తులు. 2021 ఏప్రిల్‌లో ‘బోర్డ్ ఏప్ యాట్ క్లబ్’ 10,000 కోతుల్ని బజార్లోకి వదిలింది. ఒక్కోటి 0.08 ఈథర్ (క్రిప్టో కరెన్సీ), అంటే సుమారు 200 డాలర్లు. ప్రొఫైల్‌లో మొహం బదులు ఆ బొమ్మ పెట్టుకున్నవాళ్లంతా అన్నదమ్ములే!

మరుసటి జనవరిలో పాటగాడు జస్టిన్ బీబర్ ఒక్క కోతికి 500 ఈథర్లు, దాదాపు 13 లక్షల డాలర్లు గుమ్మరించాడు. అంతే, అన్నదమ్ముల అరచేతులు దురద పెట్టాయి. వజ్రం కరగదంటారు గానీ, ఆ సెగకి కరుగుతుంది కాబోలు. నవంబరు వచ్చేసరికి కోతి కనీస ధర 70 వేల డాలర్ల దరిదాపుకు జారింది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

ధరలు వెలిగిన రోజుల సంబరంలో ట్విటర్ కూడా రుసుము కట్టినవారి ఎన్‌ఎఫ్‌టీ ప్రొఫైల్ బొమ్మకు ఆరు మూలల చట్రం బిగించింది. పేరు ఎక్స్‌గా మారాక, 2024 జనవరిలో ఆ ఏర్పాటును చడీచప్పుడు లేకుండా ఎత్తేసింది.

అయినా కోతిని వదలని విశ్వాసపాత్రులు ఇంకా ఉన్నారండోయ్. అనుమానముంటే వెళ్లి, కొన్న ధర ఇస్తామని ఒక్క మాట అని చూడండి.