‘కాస్త ఒళ్ళు చేశావేంటి?’ – సటీకా తాత్పర్యం

మూలం: “ఏమ్మా, కాస్త ఒళ్ళు చేశావేంటి?”

అవతారిక: ఈ వాక్యం అజ్ఞాతకర్తృకం. మొదట ఎవరన్నారో తెలియదు గానీ పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, ఆఖరికి పదకొండో రోజు భోజనాల్లో కూడా వినిపిస్తుంది కనుక లోకంలో బాగా చెలామణీలో ఉన్న ముక్తకంగా లెక్కించాలి. సందర్భం ఇది. భీమవరంలో ఒక కల్యాణమండపం. జీలకర్రా బెల్లం అయిపోయింది, రెండో బంతికి ఆకులు వేస్తున్నారు. నాయికకు ముప్పై ఆరేళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం. పేరు మూలంలో లేదు. చేయి కడుక్కోవడానికి వెళ్తుంటే వరసకు దొడ్డమ్మ అయ్యే పెద్దావిడ ఎదురై, గడ్డం పుచ్చుకుని, నలుగురూ వినేలా ఈ వాక్యం పలికింది. నాయిక నవ్వింది. బంతిలో కూర్చున్నాక పూర్ణం బూరె వద్దని ఆకు మీద చేయి అడ్డం పెట్టింది. రాత్రి పదకొండింటికి, అందరూ పడుకున్నాక, పెళ్ళివారిచ్చిన డబ్బా తెరిచి తాపేశ్వరం కాజాలు మూడు తింది. మూడు కాజాలకూ ఈ వాక్యమే హేతువని వ్యాఖ్యాత అభిప్రాయం. ఆధారం ముందు వస్తుంది.

టీకాకారుల్లో పెద్దవాడైన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడే. అక్కరలేని మాట రాయకూడదని ఆయన నియమం పెట్టుకున్నాడు. అక్కరలేని మాట మీదే టీక రాయాల్సి వచ్చినవాళ్ళకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉండాలి.

ప్రతిపదార్థం: ఏమ్మా = దీని తరవాత ఏం వచ్చినా కోపం తెచ్చుకోకూడదు; కాస్త = బాగా; ఒళ్ళు చేశావు = లావయ్యావు; ఏంటి = ప్రశ్నే గానీ జవాబు కోరదు. చెప్పబోతే అడిగినావిడ అప్పటికే ఇంకొకరి గడ్డం పుచ్చుకుని ఉంటుంది.

అన్వయం: ‘చేశావు’ అన్న క్రియకు కర్త నాయిక అని వ్యాకరణం చెబుతుంది. వ్యాఖ్యాత ఒప్పుకోడు. రోజుకు తొమ్మిది గంటలు కూర్చోబెట్టిన కుర్చీ, అమెరికా వాళ్ళకు తెల్లవారే వేళకు మొదలయ్యే మీటింగులు, వాటి మూలంగా పదిన్నరకు పడే భోజనం, రెండో కాన్పు, చాలని నిద్ర, ఇంటి కింద కొత్తగా వెలిసిన మిరపకాయ బజ్జీల బండి, వీళ్ళందరూ సహకర్తలు. నాయిక ఒంటరిగా చేసిన పనయితే ఊరంతా ఇదే పని ఎందుకు చేసినట్టు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య మహిళల్లో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళు దేశంలో నూటికి 24 మంది. తెలంగాణలో 30.1. ఆంధ్రప్రదేశ్‌లో 36.3. అంటే ఆ బంతిలో కూర్చున్న ఆడవాళ్ళలో ప్రతి మూడో మనిషికీ ఈ వాక్యం వర్తిస్తుంది. దొడ్డమ్మ ఒకరిని ఎంచుకుంది, అంతే.

పాఠాంతరాలు: తెలంగాణ ప్రతుల్లో “గింత లావైనవేంది బిడ్డా?” అని ఉంది. రాయలసీమలో “ఏమ్మా, బాగా లావైపోయినావే” అని దొరుకుతుంది. అక్కడ ‘కాస్త’ లేదు, సీమవాళ్ళకు దాచుకోవడం చేతకాదు. డల్లాస్ నుంచి సెలవుల్లో వచ్చినవాళ్ళకు “అక్కడి తిండి బాగా పట్టినట్టుందే” అనే పాఠం ప్రత్యేకించారు. మగవాళ్ళకు పొట్ట మీద చిన్నగా చరిచి “సెటిలైపోయావ్ రా” అనడం వాడుక. ఇది మెచ్చుకోలుగా చెల్లుతుంది, ఎందుకో ఏ వ్యాఖ్యాతా వివరించలేదు. వీటన్నిటికీ విరుద్ధ పాఠం “అయ్యో, ఇలా చిక్కిపోయావేంటమ్మా, షుగరేమైనా వచ్చిందా?” అన్నది. నాలుగు కిలోలు తగ్గి వెళ్ళినవాళ్ళకు ఇది దక్కుతుంది.

ఎటు తిరిగినా మాట పడాల్సిందే అన్న సంగతి చాలా పాతది. చరక సంహిత సూత్రస్థానంలో ఇరవై ఒకటో అధ్యాయం పేరే ‘అష్టౌనిందితీయం’. లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను అందులో ఏకరువు పెట్టారు: మరీ పొడుగు, మరీ పొట్టి, ఒళ్ళంతా వెంట్రుకలు, అసలు వెంట్రుకలే లేకపోవడం, మరీ నలుపు, మరీ తెలుపు, మరీ లావు, మరీ బక్క. ఆఖరి రెండింటికే వైద్యం వివరంగా చెప్పి, మిగతా ఆరింటినీ వైద్యుడు వదిలేశాడు. దొడ్డమ్మ వదల్లేదు.

ప్రమాణ చర్చ: ఒళ్ళు చేసిందని దొడ్డమ్మకు ఎలా తెలిసింది? ప్రత్యక్ష ప్రమాణం, అంటే కంటిచూపు. నాయిక దగ్గరున్నది ఇంకో ప్రమాణం, బీఎంఐ. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. 160 సెంటీమీటర్ల ఎత్తుకు 74 కిలోలు, కాబట్టి 28.9. ఈ లెక్క కట్టినవాడు వైద్యుడు కాదు, అడాల్ఫ్ క్వెటిలే అనే బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1830లలో ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో తేల్చే పనిలో ఉండగా తేలిన సూత్రం. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో అమెరికన్ శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ పెట్టాడు. పడమటి దేశాల్లో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మనకు గీత ఇంకా కింద గీశారు: 23, 25.

ఎందుకంటే మన ఒళ్ళు కంటికి దొరకదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. ఈ బాపతు బక్కపలచని ఒంటి కొవ్వు పొట్ట చుట్టూ కూర్చుంటుంది కాబట్టి బరువు తూచే మిషన్ కన్నా టైలర్ మెడలో వేలాడే టేపు నమ్మకమైన ప్రమాణం: ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదు. సన్నగా, నాజూగ్గా ఉండే దొడ్డమ్మ పొద్దున్నా రాత్రీ షుగరు మాత్రలు వేసుకుంటుందన్న విషయం ఇక్కడ స్మరణీయం.

మతభేదాలు: తెలుగునాట ఈ విషయంలో మూడు ప్రధాన సంప్రదాయాలున్నాయి. మంతెన సత్యనారాయణరాజు మతంలో ఉప్పు, నూనె, పంచదార నిషిద్ధం. 2017-18 ప్రాంతంలో ఊరూరా వ్యాపించిన వీరమాచినేని రామకృష్ణ మతంలో నూనె ఉపాస్యం, అదీ కొబ్బరినూనె. అన్నమే నిషిద్ధం, నిమ్మరసం విహితం. మైసూరు నుంచి వచ్చిన ఖాదర్ వలి మతంలో కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అనే పంచధాన్యాలే శరణ్యం. ఒకరి పథ్యం ఇంకొకరికి అపథ్యం. అయినా పళ్ళెంలో తెల్లన్నం గుట్ట కరగాలన్న చోట ముగ్గురూ ఒకటే.

నాయిక మూడు మతాలూ పుచ్చుకుంది. ప్రతిసారీ కొన్ని కిలోలు తగ్గింది, ప్రతిసారీ ఏ సంక్రాంతికో అత్తగారు అరిసెలు వండినప్పుడు భ్రష్టురాలైంది. తగ్గిన బరువు వడ్డీతో తిరిగొచ్చింది. లోపం ఏ మతంలోనూ వెతకనక్కరలేదు. ఇంట్లో నలుగురికి ఒక వంట, తనకొక వంట ఎన్నాళ్ళు సాగుతుంది? పైగా హఠాత్తుగా బరువు పోతే ఒళ్ళు కరువొచ్చిందనుకుంటుంది. ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే అమెరికన్ టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరవాత పరీక్షిస్తే, ఆ ఒళ్ళు ఖర్చు పెట్టాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు పెడుతున్నాయని 2016లో తేలింది. పోయిన బరువులో చాలామటుకు అప్పటికే వెనక్కొచ్చేసింది.

నాలుగో మతం సూదిమందు. 2025 మార్చిలో మౌంజారో మన మార్కెట్లోకి వచ్చింది. ఈ కోవలో ముందొచ్చిన సెమాగ్లుటైడ్‌తో పెద్ద ప్రయోగంలో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. డాక్టరు రాస్తే వాడాల్సిందే, అవసరమైనవాళ్ళకు అది గొప్ప మందు. పెళ్ళి ఫొటోల కోసం నాలుగు నెలలు వాడి మానేద్దామనుకునేవాళ్ళకు మాత్రం ఈ సంఖ్య చదివి వినిపించాలి.

సిద్ధాంతం: లావు తగ్గదలచినవాడు మేలుకోవడం, వ్యాయామం, ఆలోచన వగైరాలను క్రమంగా పెంచుకోవాలని చరకం చెబుతుంది. టీకలన్నీ వ్యాయామం దగ్గర ఆగుతాయి. ఆగాల్సింది ‘క్రమంగా’ అన్నచోట. నాయిక నిద్ర తగ్గించుకోలేదు, ఆ ఒక్క విషయంలో చరకుణ్ణి పక్కనపెట్టింది. మిగతాది వంటింట్లో మొదలుపెట్టింది.

వేరే వంట మానేసింది. అందరితో పాటే పప్పు, కూర, చారు. అన్నం మొదటి వడ్డన మూడు గరిటెల నుంచి రెండుకు దించి, పప్పు రెట్టింపు చేసింది, కూర గిన్నెడు వేసుకుంది. మారు వడ్డించుకోవడం మానేసింది. పెరుగన్నం మాత్రం మానలేదు, అది లేనిదే భోజనం అయినట్టుండదు కాబట్టి. ఉడికిన అన్నం వంద గ్రాములకు దాదాపు 130 కేలరీలు; రెండు పూటలా ఒక్కో గరిటె తగ్గితే ఆ పాటి కేలరీలు తేలిగ్గా తగ్గుతాయి, కడుపుకు తెలియకుండా. నూనె కథ వేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం మనిషికి రోజుకు ఇరవై ముప్పై గ్రాముల నూనె చాలు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడు కిలోలు. నాయిక ప్యాకెట్ మీద మార్కర్ పెన్నుతో తేదీ వేసి లెక్క చూస్తే అయిదు దాటుతోంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పోపు గరిటె మార్చింది, చిన్నది కొంది. అత్తగారు పదో రోజున గానీ కనిపెట్టలేదు, అప్పటికి అలవాటైపోయింది.

రాత్రి భోజనం మీటింగుకు ముందుకు జరిగింది. తిన్నాక అరగంట నడక. బజ్జీల బండి శనివారానికి వాయిదా పడింది గానీ రద్దు కాలేదు, బండి ఆయనకూ కుటుంబం ఉంది. ఇలా ఏడాదిన్నరకు అయిదు కిలోలు తగ్గింది. విన్నవాళ్ళు “అంతేనా?” అన్నారు. 74లో అయిదు అంటే దాదాపు ఏడు శాతం. 2002లో ఫలితాలొచ్చిన అమెరికా మధుమేహ నివారణ ప్రయోగంలో పెట్టిన లక్ష్యం సరిగ్గా అదే: ఏడు శాతం బరువు, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఈ లక్ష్యం పెట్టుకున్న జట్టులో షుగరు రావడం 58 శాతం తగ్గింది.

రస విచారం: ఈ ముక్తకంలో రసమేది? హాస్యమని దొడ్డమ్మ వర్గం. కాదు. నాయిక గ్రూపు ఫొటోల్లో వెనక వరసలో, పిల్లలను ముందు నిలబెట్టుకుని దాక్కుంటుంది. నల్ల రంగు డ్రెస్సులే కొంటుంది. జాకెట్టు కుట్టించేటప్పుడు “లోపల బట్ట ఎక్కువ వదలండి, తరవాత కుట్టు విప్పుకుంటాను” అని ముందే చెబుతుంది. ఏటా ఒక కుట్టు విప్పుకోవడం ఇంట్లో రివాజు. అయిదు కిలోలు తగ్గాక కూడా ట్రయల్ రూములోకి పాత సైజే పట్టుకెళ్ళింది, అది భుజాల మీంచి జారితే కంపెనీ వాళ్ళ కొలతలే తప్పనుకుంది. బరువు తగ్గినా మనసులో బొమ్మ తగ్గకపోవడాన్ని మనస్తత్వవేత్తలు ‘ఫాంటమ్ ఫ్యాట్’ అంటారు. సినిమావాళ్ళకూ ఈ గొడవ తెలుసు: 2015లో ‘సైజ్ జీరో’ కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది.

కాజాల ఆధారం ఇప్పుడు చెప్పాలి. అమెరికాలో యాభై దాటిన ఆరువేల మందికి పైగా నాలుగేళ్ళ తేడాతో రెండుసార్లు గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. మొదట ఊబకాయం లేనివాళ్ళలో, బరువు మూలంగా చిన్నచూపుకు గురయ్యామన్నవాళ్ళు తరవాత ఊబకాయులయ్యే అవకాశం మిగతావాళ్ళకన్నా రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. మంచికోరి అన్నానని దొడ్డమ్మ అనవచ్చు. ఆవిడ మంచి మనసును వ్యాఖ్యాత శంకించడం లేదు, మందు పనిచేసే తీరునే శంకిస్తున్నాడు.

ఫలశ్రుతి: చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని నాలుగు జట్లుగా చేసి మూడేళ్ళ పాటు గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసిన జట్టులో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. అరగంట నడక, తక్కువ తీపి, తక్కువ నూనె, పీచు ఉన్న తిండి అని చెప్పి వెంటపడిన జట్టులో 39.3 మందికి. మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే ఇచ్చిన జట్టులో 40.5. మాత్రా నడకా రెండూ కలిపినా 39.5, అదనంగా ఒరిగిందేమీ లేదు. అన్నిటికన్నా విచిత్రం, నడక జట్టువాళ్ళ సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. లోపల జరగాల్సిన మేలు మాత్రం జరిగింది.

నాయిక ఈ సంఖ్యలు చదివిన రాత్రి బయట కుండపోత. అపార్ట్‌మెంటు సెల్లార్లోకి దిగి కార్ల మధ్య అరగంట తిరిగింది. నాలుగో చుట్టులో వాచ్‌మన్ లేచి టార్చి వేసి, “ఏమైనా పోగొట్టుకున్నారా మేడమ్?” అని తనూ వెతకడం మొదలుపెట్టాడు.