గోడకు ఉద్యోగం

వీడియో ఇంటర్వ్యూలకు పిల్లలు ఎలా తయారవ్వాలో చెబుతూ ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఈ వారం పంపిన సర్క్యులర్ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. చొక్కా ఇస్త్రీ గురించి ఒక ముక్క, సబ్జెక్టు గురించి అర ముక్క. మిగతాదంతా గోడ గురించే. అభ్యర్థి వెనక తెల్లటి గోడ ఉండాలట. దాని మీద చెమ్మ, క్యాలెండరు, దేవుడి పటం, మేకు ఉండకూడదట. ఇంట్లోవాళ్లు కనబడకూడదు, వినబడకూడదు. ఇంటర్వ్యూకి ముందు గది నలుమూలలా కెమెరా తిప్పి చూపించాలి.

ఇన్నాళ్లకైనా నిజం ఒప్పుకున్నందుకు సంతోషం. నాలుగేళ్లు డేటా స్ట్రక్చర్లు బట్టీ పట్టించింది దండగ. కంపెనీకి కావలసింది గోడ. మరి మధ్యలో ఈ కుర్రాడు అడ్డం దేనికి? కాస్త పక్కకు జరగమనండి.

వెటకారం అనుకుంటారేమో, జర్మనీ నుంచి సాక్ష్యం తెచ్చాను. వీడియో చూసి మనిషి వ్యక్తిత్వానికి మార్కులేసే ఒక సాఫ్ట్‌వేర్‌ను 2021లో బవేరియా ప్రసార సంస్థ విలేకరులు పరీక్షించారు. అదే మనిషి, అవే మాటలు. వెనకాల పుస్తకాల బీరువా పెట్టేసరికి మార్కులు మారిపోయాయి. కళ్లజోడు పెడితే ఒక మనస్తత్వం, తలకు గుడ్డ కడితే ఇంకో మనస్తత్వం. అంటే నోరు మెదపని బీరువా ఇంటర్వ్యూలో ఫలితం మార్చేసింది. మన పిల్లలు కమ్యూనికేషన్ స్కిల్స్ అంటూ అనవసరంగా గొంతు చించుకుంటున్నారు.

కాబట్టి ఇక ఆలస్యం వద్దు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఇన్ని కోచింగ్ బోర్డులున్నాయి కదా, వాటి పక్కనే గోడలు అద్దెకు పెట్టాలి. ఉత్త గోడ అరగంటకు రెండొందలు, మనీప్లాంట్‌తో మూడొందలు, ఇంగ్లీషు పుస్తకాల బీరువాతో అయిదొందలు. పుస్తకాలు ముట్టుకోరాదు, అవి అట్టలే. రియల్ ఎస్టేట్ వాళ్లు ఊరుకుంటారా? హెచ్‌ఎండీఏ ఆమోదం పొందిన, ఈశాన్యం మూల మేకు లేని, ఇంటర్వ్యూ ఫేసింగ్ గోడలు దింపుతారు. కార్పొరేట్ కాలేజీలు ఆరో తరగతి నుంచే గోడ ఫౌండేషన్ కోర్సు పెట్టి, ఫలితాల రోజు మా గోడలకే 1, 1, 2, 3 అని టీవీల్లో అరిపిస్తాయి. పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి ఏం చదివాడని అడగడు, గోడకు పుట్టీ పెట్టించారా అంటాడు. ఎన్నికలు దగ్గరపడితే ప్రభుత్వం గోడ రీయింబర్స్‌మెంట్ ప్రకటిస్తుంది. మొదటి విడత సున్నానికి ఇచ్చి, రంగు డబ్బులు బకాయి పెడుతుంది.

చివరికి ఆఫర్ లెటర్ గోడ పేరిటే వస్తుంది. అదీ న్యాయమే. జాయినింగ్ తేదీ ఎప్పుడని అడక్కుండా నెలల తరబడి నిలబడే ఓపిక గోడకు తప్ప ఎవరికుంది? 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షలని మాటిచ్చి ఎదురుచూయించిన ఫ్రెషర్లను 3.5 లక్షలకు వస్తారా అని అడిగింది. కుర్రాళ్లు గగ్గోలు పెట్టారు. గోడలైతే కిక్కురుమనేవి కావు.

ఇంతవరకూ నవ్వాను. ఆ సర్క్యులర్ మళ్లీ చదివితే నవ్వు రావడం లేదు.

ఇంట్లోవాళ్లు కనబడకూడదా? నరసరావుపేటలోనో కరీంనగర్‌లోనో ఒకటే గది, అందులోనే పొయ్యి, అందులోనే మంచం ఉన్న ఇంట్లో వాళ్లెక్కడికి పోతారు? ఇంటర్వ్యూ అయ్యేదాకా తల్లి బయట ఎండలో కూర్చుంటుంది. కుక్కర్ పెట్టరు, ఫ్యాను చప్పుడని అదీ ఆపేస్తారు. చెల్లెలు దగ్గొస్తే నోరు నొక్కుకుంటుంది. ఇదే కాలేజీకి ఫీజు కట్టేనాడు మాత్రం సంతకానికి తండ్రి కనబడాలి, బాకీ పడితే ఫోన్లో తల్లి వినబడాలి.

పోనీ, ఇంత చేస్తే అవతల మనిషైనా ఉంటాడా? చాలాసార్లు ఉండడు. తెర మీద ప్రశ్న పడుతుంది, గడియారం వెనక్కి తిరుగుతుంది, రెండు నిమిషాల్లో జవాబు రికార్డు చెయ్యాలి. చూసింది మనిషో యంత్రమో తెలియదు, అవకాశం ఎందుకు పోయిందో చెప్పే నాథుడు లేడు. యంత్రంతో బేరీజు వేయిస్తుంటే ఆ సంగతి అభ్యర్థికి ముందే చెప్పి, ఒప్పుకున్నాకే వీడియో చూడాలని అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేసింది, 2020 నుంచీ అమల్లో ఉంది. ఇక్కడ పిల్లాడు మంచం కింద పెట్టెలతో సహా చూపించాలి, కంపెనీ తన కెమెరా కూడా పెట్టదు.

ఇదేం న్యాయమని కంపెనీని అడగాల్సింది ప్లేస్‌మెంట్ సెల్. అడిగితే వచ్చే ఏడాది ఆ కంపెనీ రాదు, అడ్మిషన్ల బ్రోషర్‌లో లోగో ఒకటి తగ్గుతుంది, సీట్లు మిగులుతాయి. అందుకని కంపెనీని ఏమీ అడగలేదు. ఆ తల్లిని బయట కూర్చోమన్నారు.