‘నీరు చేరె నోడ’ పద్యానికి టీకా తాత్పర్యములు

అవతారిక

ఈ ఆటవెలది సియాటిల్ నగరంలో, లేక్ యూనియన్ సరస్సు రేవున కట్టి ఉన్న ఒక పాత మోటార్ యాట్ లాగ్‌బుక్కులో పెన్సిలుతో రాసి ఉన్నది. కవి పేరు లేదు. తేదీ ఉండవలసిన చోట కాఫీ మరక ఉంది. కవి తెలుగువాడనడానికి పద్యమే సాక్ష్యం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అనడానికి ఆ ఊరే సాక్ష్యం. పడవ మాత్రం 1970ల నాటిది. ఆ రోజుల్లో హాంగ్‌కాంగ్, సింగపూరు, తైవాను యార్డుల్లో కట్టి అమెరికా పడమటి తీరానికి పంపిన ట్రాలర్ జాతికి చెందినది. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, పైన టేకు చెక్కల డెక్కు, ఆ చెక్కలను పట్టి ఉంచడానికి లెక్కకు అందనన్ని స్క్రూలు. ప్రతి స్క్రూకూ ఒక రంధ్రం ఉంటుందన్న సంగతి పడవ కొనేటప్పుడు ఎవరికీ తట్టదు.

నీరు చేరె నోడ నేలమాళిగలోన
జాడ యెచటొ తెలియఁ జాల మకట
ఉప్పు లేదు చూడ నూరక యుండదు
పంపు మొరయు రాత్రి పడక కరవు

టీక

ఓడ = యాట్ యొక్క; నేలమాళిగలోన = బిల్జి యందు, అనగా ఇంజను గది నేలపలకలు ఎత్తితే కనబడే అడుగుభాగమందు; నీరు చేరెన్ = నీళ్ళు చేరినవి; జాడ = అవి వచ్చిన దారి; యెచటొ = ఎక్కడో; తెలియన్ చాలము = తెలుసుకోలేకున్నాము; అకట = అయ్యో; చూడన్ = రుచి చూడగా; ఉప్పు లేదు = ఉప్పదనము లేదు; ఊరక యుండదు = వచ్చుట మానదు; పంపు మొరయున్ = పంపు రొద చేయును; రాత్రి పడక కరవు = నిద్ర లేదు.

తాత్పర్యము

పడవ అడుగున నీళ్ళు చేరాయి. ఎక్కడివో తెలియదు. ఉప్పగా లేవు. పంపు మోగుతోంది, నిద్ర పట్టడం లేదు అని భావం. పరీక్షకు చదివేవారికి ఇంతవరకు చాలు. తక్కినది పాత పడవ ఉన్నవారి కోసం.

విశేషములు

‘చాలము’ అని బహువచనం. కవి తన్ను తాను గౌరవించుకున్నాడని కొందరంటారు. పడవలో ఆయన భార్య కూడా ఉన్నదని మా మతం. ఈ పడవ కొనడం గురించి ఆవిడ అభిప్రాయం పద్యంలో చేరలేదు. ఆటవెలదిలో పట్టేది కూడా కాదు.

రెండో పాదానికి ‘జాల మిపుడు’ అని ఒక పాఠాంతరం కల్పించవచ్చు, గణాలు సరిపోతాయి. ఇపుడు తెలియదంటే రేపు తెలుస్తుందన్న ఆశ ధ్వనిస్తుంది గనుక పాత పడవల విషయంలో అది అపపాఠం.

అన్వయ విచారం. కావ్యంలో దూరాన్వయం దోషం. పడవలో నీటికి అదే స్వభావం. ముందు కొసన యాంకరు గొలుసు అరలోకి దిగిన వాననీరు పడవ పొడవునా సాగే స్ట్రింగర్లనే పట్టీల వెంట పాకి, అడ్డుపలకల కింద వదిలిన బెజ్జాల గుండా జారి, వెనక రడ్డరు దగ్గర తేలుతుంది. చూసినవాడు రడ్డరు కడ్డీ చుట్టూ నీటిని ఆపే గ్లాండు బిగిస్తాడు. గ్లాండు ఏ పాపమూ ఎరగదు. మర్నాడు నీళ్ళు మళ్ళీ అక్కడే. ప్రొపెల్లరు షాఫ్టు గ్లాండుదీ ఇదే గోడు. తాడు చుట్టిన పాతకాలపు గ్లాండు, పడవ నడిచేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కార్చవలసిందే. ఆ తడి లేకపోతే తాడు వేడెక్కి షాఫ్టును కోస్తుంది. ఆ ధర్మం తెలియనివాడు చుక్క కనబడగానే పానా అందుకుంటాడు.

కనుక అన్వయక్రమం ఇది. ముందు బిల్జిని స్పాంజితో ఒత్తి, గుడ్డతో తుడిచి ఎండగట్టాలి. తడి ఉన్నచోట తడిని వెతకడం వృథా. తర్వాత స్ట్రింగర్ల మీద, గొట్టాల అతుకుల కింద టిష్యూ కాగితాలు పరచాలి, అనుమానం ఉన్నచోట టాల్కం పౌడరు చల్లాలి. నీరు పౌడరు మీద తన సంతకం తానే పెట్టి పోతుంది. అక్కడినుంచి ఎదురు నడవాలి. ఎంత దూరమైనా, మోకాళ్ళ మీదనే.

‘ఉప్పు లేదు’. ఇక్కడ పూర్వపక్షం బలమైనది. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఉప్పగా ఉంటే పడవ ఒంటికి చిల్లి, చప్పగా ఉంటే ట్యాంకుదో వానదో. కవికి ఉప్పు తగల్లేదు గనుక పడవ అడుగు గట్టిదే, హాయిగా పడుకోవచ్చునని పూర్వవ్యాఖ్యాతల మాట.

వారు దేశం చూడలేదు. పడవ ఉన్నది సముద్రంలో కాదు. 1917లో తెరిచిన బల్లార్డ్ లాకులు ప్యుజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉప్పునీటిని చాలావరకు అవతలే నిలిపివేస్తాయి. సరస్సు నీటిమట్టం అవతల ఆటు వేళ సముద్రమట్టం కంటే 20 అడుగులకు పైనే ఉంటుంది. గోదావరి కాలువల మీది లాకులు చూసినవారికి ఈ ఏర్పాటు వేరే చెప్పనక్కర్లేదు. సారాంశం: బయట సరస్సు చప్పన, లోపల ట్యాంకు చప్పన, పైన వాన చప్పన. సముద్రతీరంలో ఎంతో చెప్పగల నాలుక ఇక్కడ మూగ. ఉప్పు లేదన్న మాటతో కవి మనకు చెప్పింది శూన్యం. ఆయన దాన్ని ఊరటగా రాశాడో, వ్యంగ్యంగా రాశాడో పెన్సిలు అక్షరాలలో తేలదు.

పైగా ‘చూడన్’ అన్నదాన్ని ఎవరూ విధివాక్యంగా తీసుకోరాదు. బిల్జి నీటిలో డీజిలు ఉంటుంది, నూనె ఉంటుంది, ఇంజను కూలెంటు ఉండవచ్చు. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. రుచి బాగుందని రెండోసారి చూసే రకం మనిషికి అదొకటి చాలు. దీనికి బదులు ఈతకొలనుల్లో వాడే క్లోరిన్ పట్టీ మేలు. ట్యాంకులో పట్టిన నగరపు నీటిలో క్లోరిన్ ఉంటుంది, సరస్సులోనూ వానలోనూ ఉండదు. అప్పుడే కారిన చుక్కకు తాకిస్తే పట్టీ రంగు మారితే అది ట్యాంకు నీరు. మారకపోతే ఏదీ నిర్ణయం కాదు. బిల్జి మురికి క్లోరిన్‌ను త్వరగా తినేస్తుంది.

‘పంపు మొరయు’. పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది, కవి చేసిన అన్యాయం కూడా ఇక్కడే. ఏ పంపు? పడవలో రెండున్నాయి. ఒకటి బిల్జి పంపు. నీళ్ళు పెరిగితే ఫ్లోట్ స్విచ్ లేచి, పంపు నడిచి, నీటిని బయటికి తోస్తుంది. రెండోది ప్రెషర్ పంపు. కుళాయి తిప్పితే మోగుతుంది, కట్టేస్తే ఆగుతుంది.

బిల్జి పంపు అని చదివితే ఒక మోసం ఉంది. పంపు ఆగగానే హోసులో నిలిచిన నీరు వెనక్కి జారి, అదే ఫ్లోట్‌ను మళ్ళీ లేపుతుంది. పంపు మళ్ళీ నడుస్తుంది, అవే నీళ్ళు మళ్ళీ దిగుతాయి. తెల్లవార్లూ పంపు ఎన్నిసార్లు నడిచిందో లెక్క రాసుకున్నా, పడవలోకి కొత్తగా ఒక్క చుక్క రాకపోయి ఉండవచ్చు.

ప్రెషర్ పంపు అన్నదే సిద్ధాంతం. రాత్రి కుళాయిలన్నీ కట్టి ఉంటాయి. అయినా మోగిందంటే ఎక్కడో ఒత్తిడి జారుతోంది. పడుకోబోయే ముందు దాని స్విచ్ ఆర్పి, తెల్లవారి బిల్జి పొడిగా ఉందో లేదో చూస్తే వివాదం ముగుస్తుంది. ఇంకొక సూక్ష్మం: రేవు కుళాయి నుంచి గొట్టం తగిలించిన పడవలో ఈ పంపు మోగదు. నగరపు నీరే ఒత్తిడి ఇస్తుంది, అతుకు ఊడితే నిశ్శబ్దంగా, ఆపేవాడు లేకుండా వస్తుంది. అలా కట్టిన తాడు కట్టినట్టుండగానే మునిగిన పడవలున్నాయి. మన కవి నిద్ర పోగొట్టుకున్నాడంటే గొట్టం తగిలించలేదనే అర్థం. ఆ మేరకు ఆయన అదృష్టవంతుడు.

ఇక జారుతున్నది ఎక్కడ? వేడినీళ్ళ ట్యాంకు దగ్గరని మేము నిర్ణయిస్తున్నాము. 40 లీటర్ల ట్యాంకు 15 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు కాగితే నీరు రెండు శాతం పైన వ్యాకోచిస్తుంది, అంటే ముప్పావు లీటరు మించి. వచ్చిన దారిన పోకుండా వన్‌వే వాల్వు అడ్డం ఉంటుంది. కనుక రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆ నీటిని ఒక గొట్టంలోకి వదులుతుంది. పాత పడవల్లో ఆ గొట్టం కొస ఇంజను కింద, కంటికి ఆనని చోట, తిన్నగా బిల్జిలోకి. ఇంతవరకు లోపమేమీ లేదు. వాల్వు మూసుకునే చోట చిన్న నలక ఇరుక్కుంటే మటుకు అది పూర్తిగా మూసుకోదు. సెకనుకొక చుక్క చొప్పున రోజుకు నాలుగు లీటర్లు. జాడ తెలియకపోవడం, ఉప్పు లేకపోవడం, ఊరక ఉండకపోవడం, రాత్రి పంపు రొద, నాలుగూ దీనికే కుదురుతాయి. పంపు పగలూ మోగుతుంది, వినబడదు. వానది కాదా అంటే, ‘ఊరక యుండదు’ అన్నాడు. సియాటిల్‌లోనూ వేసవిలో వాన కురవని వారాలున్నాయి.

సందేహం తీరనివారు ఆ గొట్టం కొసను సీసాలో దూర్చి చూడవచ్చు.

అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి అన్నవారితో మాకు వాదం లేదు, వారికి పడవ ఉండి ఉండదు.

ఫలశ్రుతి

చెప్పడం ఆచారం గనుక చెబుతున్నాము. రిలీఫ్ వాల్వు పెద్ద ఖరీదు కాదు. మార్చడానికి పావుగంట. దాని దగ్గరికి చేరడానికి ముందు మెట్లు ఊడదీయాలి, తర్వాత బ్యాటరీలు, వాటి వెనక ఛార్జరు, ఆ వెనక పాత యజమాని ఎందుకో బిగించిన ఒక పలక. పలక స్క్రూలు తుప్పుపట్టి ఉంటాయి. ఆ శనివారానికి భోజనాల పిలుపులు ఒప్పుకోరాదు.