అడవికి చీపుళ్లు మంజూరు చేయండి

జపాన్ అటవీ సంస్థ డైరెక్టర్ జనరల్ గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

మీ దేశంలో నాకు ఓటు లేదు, సెంటు భూమీ లేదు. అయినా అర్జీ పెట్టుకుంటున్నాను. సంగతి మాట్సుటాకె గురించి. ఎర్ర పైన్ వేళ్లను అల్లుకుని, చెట్టుకు నీరూ లవణాలూ అందించి, బదులుగా చక్కెర పుచ్చుకునే పుట్టగొడుగు అది. మా వైపు ఇంజనీరింగ్ కాలేజీలు కూడా పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయంటాం. మీ దగ్గర ఆ మాట చెల్లదు. 1941లో 12 వేల టన్నులు దొరికిన సరుకు, ఈమధ్య ఏడాదికి 100 టన్నులు దొరకడమే గగనమైంది. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని ముప్పున్న జాతుల ఎర్ర జాబితాకెక్కించింది.

కేసు కడితే ఏ1 కంటికి ఆనని ఒక నులిపురుగు. ఉత్తర అమెరికా నుంచి వచ్చి, పొడుగు మీసాల పెంకుపురుగు మీద సవారీ చేస్తూ, పైన్ చెట్లను నిలువునా ఎండబెడుతోంది. 1905లోనే నాగసాకిలో దీని జాడ కనబడింది. దానికి తమరు మందు కొడుతూనే ఉన్నారు గనుక వదిలేస్తాను.

నా గొడవంతా ఏ2తో. అది గ్యాస్ బండ.

నవ్వకండి. ఒకప్పుడు మీ పల్లెజనం పొయ్యిలోకి చిదుగులకీ, పొలంలోకి ఆకు ఎరువుకీ రోజూ అడవికెళ్లేవారు. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చుకుపోయేవారు. నేల బోసిగా, నిస్సారంగా ఉండేది. మాట్సుటాకెకు అదే స్వర్గం. 1950ల తర్వాత ఇంటికి గ్యాసూ కిరసనాయిలూ, పొలానికి ఎరువుల బస్తా వచ్చాయి. అడవిలో అడుగుపెట్టే పని పోయింది. ఆకు పరుపులా పేరుకుంది, నేల బలిసింది, వేరే బూజులు వచ్చి చోటు ఆక్రమించాయి. పులిని కాపాడాలంటే కంచె వేసి మనిషిని తరిమితే సరిపోతుంది. ఇది మనిషి రాకే చస్తోంది.

ఏ3 పేరు చెప్పడానికి మొహమాటంగా ఉంది. యుద్ధం తర్వాత కలప కోసం కొండల నిండా సుగి, హినోకి చెట్లు నాటించింది సర్కారువారే కదా. ఆ వేళ్లతో మాట్సుటాకెకు పొత్తు కుదరదు. వసంతం వస్తే సుగి పుప్పొడికి దేశమంతా తుమ్మడం మాత్రం మిగిలింది.

‘షెడ్డు వేసి పెంచుకోండి’ అని జవాబు రాయించకండి. షిటాకె పుట్టగొడుగులా మొద్దు మీద పెరిగే రకం కాదిది. బతికున్న వేరు కావాలి. అమ్ముకునేంతగా పండించడం ఇంతవరకూ ఎవరి చేతా కాలేదు.

మా ఉపాధి హామీలో కూలి ఇచ్చి చెరువు పూడిక తీయిస్తాం. తమరు చీపుళ్లిచ్చి అడవి పూడిక తీయించండి. క్యోటో కొండల్లో కొందరు పెద్దలు ఒక్క యెన్ కూలి లేకుండానే ఆ పని చేస్తున్నారు. కనీసం వాళ్ల వయసు చూసైనా త్వరపడండి.

ఇట్లు,
కట్టెలపొయ్యి మీది పుట్టగొడుగుల కూర రుచి మరవని, గ్యాస్ మీదే వండుకుంటున్న ఒక తెలుగువాడు