దారి అడగండి, చెయ్యి చేసుకోకండి

రోడ్డు మీద పదిమంది బైఠాయిస్తే ఇప్పుడు కారు దిగొచ్చేవాడి మొదటి మాట "లేస్తారా, లేపమంటారా?" రెండో మాట ఉండదు, రెక్క పట్టుకుని ఈడ్చడమే. పక్కవాళ్లు సెల్‌ఫోన్లలో వీడియో తీస్తారు. సాయంత్రానికి అది మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు కూడా "మంచి పని చేశాడు" అంటూ చప్పట్ల బొమ్మలు పెడతారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

మా రోజుల్లో రాస్తారోకోలు లేవా? 1972లో జై ఆంధ్ర ఉద్యమం లేచినప్పుడు కోస్తాలో బస్సెక్కితే ఎక్కడ దింపేస్తారో తెలిసేది కాదు. అంతా శాంతంగా జరిగిందని అబద్ధం చెప్పను. బస్సులు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో కుర్రాళ్లు పోయారు. అయినా ప్రయాణికుడు దిగివచ్చి, అడ్డం కూర్చున్నవాడి మీద చెయ్యి చేసుకోవడం నా కంట పడలేదు. తిట్టేవాళ్లు, శాపనార్థాలు పెట్టేవాళ్లు, అంతే. కండక్టరు టిక్కెట్ల సంచి చంకన పెట్టుకుని దిగేవాడు. "బాబూ, బండిలో నొప్పులు పడుతున్న పిల్ల ఉందిరా, గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చాలి" అనేవాడు. అడ్డం పెట్టిన బల్లలు వాళ్లే పక్కకు లాగేవాళ్లు. ఒక కుర్రాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పక్క ఊరిదాకా వచ్చి, అక్కడి వాళ్లకూ చెప్పి బండి దాటించేవాడు.

ఇప్పటి ధర్నాల వాళ్లను వెనకేసుకు రావడం లేదు. 108 బండి కూత పెడుతున్నా, ఫొటో దిగేదాకా కదలని నాయకులున్నారు. రోడ్లను ఎన్నాళ్లయినా ఆక్రమించి కూర్చోవడం కుదరదని ఢిల్లీ షహీన్ బాగ్ ధర్నా కేసులో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సరిగ్గానే చెప్పింది. కానీ ఖాళీ చేయించే బాధ్యత అధికారులదని కూడా అందులోనే ఉంది.

చట్టమూ అదే అంటుంది. గుంపును చెదరగొట్టాలంటే ముందు మెజిస్ట్రేటో స్టేషన్ అధికారో వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించాలి. వినకపోతేనే బలప్రయోగం. మామూలు మనిషి ఎవరినైనా పట్టుకోవాలంటే, వాడు తన కళ్ల ముందే బెయిలు దొరకని నేరం చేసి ఉండాలి. దారికి అడ్డం కూర్చోవడం బెయిలు దొరికే నేరం. నెల రోజుల దాకా సాధారణ జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి నడిరోడ్డు మీద చొక్కా చింపి కొట్టే హక్కు నీకెవరిచ్చారు?

ఒకసారి చెయ్యి లేచాక ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. 2023 నవంబరులో పనామా దేశంలో రాగి గని ఒప్పందం వద్దంటూ జనం రహదారిని అడ్డగించారు. 77 ఏళ్ల మనిషి, దాదాపు నా ఈడువాడు, కారు దిగి తుపాకీ తీసి ఇద్దరిని కాల్చి చంపాడు. ఆ నెలాఖరుకే అక్కడి సుప్రీంకోర్టు ఆ ఒప్పందం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. చనిపోయినవాళ్లు ఆ తీర్పు వినలేదు.

నాయనలారా, తొందరుంటే దిగి దారి అడగండి. గట్టిగా అడగండి, కోపంగానైనా అడగండి. వినకపోతే 112కి ఫోన్ చేయండి. చెయ్యి మాత్రం ఎత్తకండి. అడ్డం కూర్చునే అయ్యలకూ ఒక మాట: అంబులెన్సుకూ, పరీక్షకు పోయే పిల్లలకూ ఒక పక్క దారి వదలండి. ఆ దారి దగ్గర మీ మనిషినొకణ్ణి నిలబెట్టండి.