కొండను తవ్వి ఎలుకకు పెట్టి

ఈ ఫొటో మీరు చూసే ఉంటారు. వారానికోసారైనా జిల్లా పేజీలో పడుతుంది. ముందు బల్ల. బల్ల మీద గోధుమరంగు ప్లాస్టర్ చుట్టిన ప్యాకెట్లు, దసరా బొమ్మల కొలువులాగా మెట్లు మెట్లుగా. వెనకాల ఇస్త్రీ మడత నలగని అధికారులు. నేల మీద మోకాళ్లపై ముగ్గురు కుర్రాళ్లు, మొహాలకు ముసుగులు. ఒకడి కాళ్లకు చెప్పులు లేవు. పక్కనే వార్త: గంజాయి ఇన్ని కిలోలు, బైకు ఒకటి, సెల్‌ఫోన్లు రెండు, నగదు పన్నెండు వందలు. పట్టుబడ్డ సరుకు విలువ అక్షరాలా ఇన్ని లక్షలు.

అన్ని లక్షల సరుకు మోసేవాడి జేబులో పన్నెండు వందలే ఎందుకున్నాయని ఏ విలేకరీ అడగడు. అవతల టిఫిన్ చల్లారిపోతుంటుంది.

గంజాయికి మూడు ధరలున్నాయి. కొండ మీద పండించినవాడికి దక్కే ధర ఒకటి. చెక్‌పోస్టు దాటిన కొద్దీ పెరిగి, పెరిగి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చిన్న పొట్లమై అమ్ముడుపోయే ధర రెండోది. మూడోది ప్రెస్‌మీట్ ధర. ఆ ధరకు ఇంతవరకు కొన్నవాడూ లేడు, అమ్మినవాడూ లేడు. అయినా ప్రభుత్వ లెక్కల్లో నిలకడగా పెరిగే ధర అదొక్కటే.

సరే, పట్టుకున్నదాని విలువ చెప్పారు, బాగుంది. పట్టుకోవడానికి ఎంతయింది? జీపు డీజిలు, డ్రోను, వేగుకు బహుమతి, రాత్రంతా చెక్‌పోస్టు దగ్గర దోమలతో కాపురం చేసిన కానిస్టేబుల్ జీతం, పంచనామాకు పిలిపించిన రెవెన్యూవాళ్ల రోజు, ల్యాబుకు పంపిన నమూనా, వాయిదా వాయిదాకీ ముద్దాయి వెంట ఎస్కార్టు, జైల్లో పూట పూటకీ అన్నం. ఈ రెండో అంకె ఏ ప్రెస్‌నోట్‌లోనూ కనపడదు. తెలంగాణలో దీనికో మాటుంది: చారణా కోడికి బారణా మసాలా. మనవాళ్లు కోడి ధర రోజూ చాటింపు వేస్తారు. మసాలా బిల్లు ఎక్కడుందో దేవుడికే ఎరుక.

2021 చివర్లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన్’ అని విశాఖ ఏజెన్సీ కొండలెక్కారు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి గుట్టలు పోసి తగలబెట్టారు. పెద్దపెద్ద అధికారులు నిలబడి చూశారు. టీవీలవాళ్లు చూశారు. ఆ పూట గాలి ఎటు వీచిందో, ఎవరి పశువులు ఎంత హాయిగా నిద్రపోయాయో రికార్డులో లేదు.

మరి ఆ మంటతో గంజాయి ఆగిందా? ఇప్పుడు మా దగ్గర సాగు లేదు, సరుకంతా ఒడిశా నుంచే వస్తోందని అధికారులే చెబుతున్నారు. నిజమే కావచ్చు. పంట మల్కనగిరి వైపు కొండెక్కింది, దారి మాత్రం మనదే. నరికింది మొక్కను. కొనేవాడు హైదరాబాద్, బెంగళూరుల్లో చెక్కుచెదరకుండా ఉన్నాడు.

ఆ కొండల్లో బాగా పేరున్న రకం పేరు తెలుసా? శీలావతి. పతివ్రత పేరు పెట్టిన మహానుభావుడెవడో గానీ మన ఎక్సైజు శాఖలో ఉండాల్సినవాడు.

గంజాయి బదులు కాఫీ వేసుకోమన్నారు, మొక్కలిచ్చారు. మంచి మాటే, అరకు కాఫీకి పారిస్‌లో కొట్టు కూడా ఉంది. కానీ కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు. అప్పులవాడు సంతసంతకీ వస్తాడు. ఈ రెండు కాలాల మధ్య ఇరుక్కున్న గిరిజన కుర్రాడి దగ్గరికి పై ఊరినుంచి ఒకడు వచ్చి, ఈ సంచి రోడ్డు దాకా మోస్తే ఇంత కూలి అంటాడు. సంచి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని ‘వాణిజ్య పరిమాణం’ అంటుంది. నేరం రుజువైతే తక్కువలో తక్కువ 10 ఏళ్లు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు కావాలంటే వీడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, విచారణ మొదలుకాకముందే జడ్జికి తోచాలి. వాణిజ్యమట! సంచి మోసినవాడు వ్యాపారి, మోయించినవాడు ‘పరారీలో ఉన్న నిందితుడు’. విశాఖ సెంట్రల్ జైలు కట్టింది వెయ్యిమంది లోపు వాళ్ల కోసం. కొన్నేళ్లుగా అది పట్టలేనంత కిక్కిరిసిపోయింది, గంజాయి కేసులవాళ్లతోనే. వాళ్ల తిండి ఖర్చు ఏ ప్రెస్‌మీట్ బల్ల మీదా పేర్చరు.

ఇక ఇదే సర్కారు రెండో చేతివైపు చూద్దాం.

2023లో తెలంగాణ 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచింది. దరఖాస్తు రుసుము 2 లక్షలు. షాపు వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. లక్షా 32 వేల దాకా వచ్చాయి. ఖజానాకు 2,600 కోట్లు దాటింది. మరుసటేడు ఆంధ్రలో 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, 1,800 కోట్ల దాకా రాబడి. ఒక్క సీసా మూత తీయలేదు, ఒక్క చుక్క గొంతు దిగలేదు. దరఖాస్తు కాగితం వాసనకే అంత కిక్కు! ఆదాయం తక్కువైతే ఎక్సైజు అధికారికి మెమో వస్తుంది, గంజాయి ఎక్కువైతే పోలీసు అధికారికి మెమో వస్తుంది. ఒకరు తాగించాలి, ఒకరు మాన్పించాలి. ఇద్దరి జీతమూ ఒకే ట్రెజరీ.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా అంటుకుంది. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టారు. 1997లో తర్వాతి సర్కారు ఎత్తేసింది, ఖజానా తట్టుకోలేకపోతోందని. గుర్తు పెట్టుకోవాల్సిన ముక్క ఇదే. మద్యనిషేధం ఖర్చెక్కువైతే ఎత్తేయొచ్చు. గంజాయి నిషేధానికి ఖర్చెంతో లెక్కే వేయరు కాబట్టి ఎత్తేయాలా ఉంచాలా అన్న గొడవే లేదు.

లెక్క వేసిన కాలం ఒకటుంది. చెబితే దేశభక్తులకు కోపం వస్తుంది, తెల్లవాడు వేశాడు. 1893లో బ్రిటిష్ సర్కారు గంజాయి మీద కమిషన్ వేసింది. 1,193 మంది సాక్షులను విచారించారు. గంజాయి తాగితే పిచ్చెక్కుతుందన్న మాట ఎక్కడిదో తేల్చడానికి పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు తెప్పించారు. అక్కడ బయటపడిన సంగతి ఈనాటికీ పాతబడలేదు. ప్రతి రోగి పేరు పక్కన ‘కారణం’ అని ఒక గడి. రోగిని తెచ్చి అప్పగించేటప్పుడు పోలీసులు పంపిన కాగితంలో ఏముందో చాలాచోట్ల అదే ఆ గడిలోకి ఎక్కింది. ఏం రాయాలో తోచని చోట గంజాయి. విడివిడిగా తిరగేస్తే ఆ కేసుల్లో చాలావరకు నిలబడలేదు. మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, పన్ను వేసి లైసెన్సుతో అదుపులో పెట్టండి అని కమిషన్ తేల్చింది. తెల్లదొర మన ఆరోగ్యం కోసం చెప్పలేదు లెండి, పన్ను కోసం చెప్పాడు. కానీ గడి నింపినవాడెవడో చూడాలన్న ఇంగితం మాత్రం ఉంది.

తర్వాత 1961లో మత్తుమందుల మీద అంతర్జాతీయ ఒప్పందం, దాని వెనక అమెరికా ఒత్తిడి, గంజాయి వాడకం మాన్పించడానికి పాతికేళ్ల గడువు. 1985లో మాదకద్రవ్యాల చట్టం మన పార్లమెంటు గడప దాటింది. నవంబర్ 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు, అమల్లోకి వచ్చింది. అందులో ఒక చమత్కారం ఉంది. పూత, మొగ్గ ఉంటే గంజాయి, పదేళ్లు. ఉత్త ఆకయితే చట్టానికి గంజాయే కాదు, నూరి పాలల్లో కలిపితే భంగు, ఉత్తరప్రదేశ్‌లో సర్కారు లైసెన్సు దుకాణం. ఒకే మొక్క. కొమ్మ చివరిది నేరం, కొమ్మ పక్కది పండగ.

మనల్ని బడికి పంపిన ఆ అమెరికా మాస్టారు ఇప్పుడేం చేస్తున్నాడు? కొలరాడోలో 2014 నుంచి కొట్లు పెట్టి అమ్ముతున్నాడు. ఎక్సైజు పన్నులో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు బడి భవనాలకని ప్రజల ఓటుతోనే రాసుకున్నాడు. న్యూజెర్సీలో 2022 నుంచి కొట్లే. అక్కడ మన కుర్రాళ్లు పక్క వీధిలో గోంగూర పచ్చడి కొనుక్కుని ఆ కొట్టు ముందునుంచే ఇంటికి పోతున్నారు. కేంద్ర చట్టం ప్రకారం అక్కడా నేరమే. రాష్ట్రం ప్రకారం వ్యాపారం. నేరం మీద కూడా ఆదాయపు పన్ను వసూలు చేసుకునే దేశమది, వాళ్ల లెక్కలు వాళ్లవి.

నేను గంజాయి కొట్టు పెట్టమనడం లేదు. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద పదహారేళ్ల పిల్లలు కళ్లు ఎర్రజేసుకుని కూర్చోవడం నాకూ కనపడుతూనే ఉంది. ఇన్నేళ్ల మంటలూ ప్రెస్‌మీట్లూ అయ్యాక కూడా వాళ్లకది దొరుకుతోందనే నా గోల. డబ్బు మనది, పొగ వాళ్లది.

పట్టిన సరుకు ఎక్కడికి పోతుందన్నదానికి మథుర పోలీసులు 2022లో చక్కటి జవాబిచ్చారు. స్టేషన్లలో దాచిన 581 కిలోల గంజాయి చూపించమని కోర్టు అడిగితే, ఎలుకలు తినేశాయన్నారు. ఎలుకలు చిన్నవి, వాటికి పోలీసులంటే భయం లేదన్న ముక్క కోర్టు ఉత్తర్వులోకి కూడా ఎక్కింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. మనం కొండను తవ్వి, డ్రోన్లెగరేసి, జైళ్లు నింపి, దొరికింది తెచ్చి ఎలుకకు పెడుతున్నాం.

విలేకరి మిత్రులారా, వచ్చే వారం మళ్లీ బల్ల వేస్తారు, ప్యాకెట్లు పేరుస్తారు. సరుకు విలువ వాళ్లు చెప్పేశాక, దీన్ని పట్టడానికి ఎంతయిందండీ అని ఒక్కసారి అడగండి. జవాబు రాకపోతే, ఆ చెప్పుల్లేని కుర్రాడి జేబులో దొరికిన పన్నెండు వందలు ఏమయ్యాయనైనా అడగండి.