మూడవ లెవెలు చదువు

దేశమందలి పసిపిల్లల అక్షరాభ్యాసమునకు పలకల నందించిన మా మార్కాపురమున, పలకతోను బలపముతోను పనిలేని విద్య యొకటి 1990ల చివర ప్రవేశించి, పలకల ఫ్యాక్టరీల ధూళి తన యంత్రములపై వ్రాలునను భయముచే, మమ్ము చెప్పులు వాకిటనే విడువుమని శాసించెను. చెన్నకేశవస్వామివారి గుడి తరువాత మాచేత చెప్పులు విడిపించిన రెండవ పుణ్యస్థలము, నే నెరిగినంతలో, ఆ కంప్యూటరు సెంటరే.

లోపల బోధింపబడినది డాస్. అభ్యసింపబడినది మాత్రము డేవ్. జాన్ రొమీరో అను అమెరికా యువకుడు 1988లో ఆపిల్ టూ గృహ కంప్యూటరు కొరకు రచించి, 1990లో డాస్‌నకు తెచ్చిన ‘డేంజరస్ డేవ్’ అను ఆటయందు, ఎర్రటోపీ డేవుగారు నిప్పును నీటిని దాటి దుముకుచు, రత్నముల నేరుకొనుచు, బంగారు కప్పు చేజిక్కినగాని తెరువబడని తలుపుల గుండ పది లెవెళ్లు గడువవలెను. నల్లమలలో గుప్తనిధులకై త్రవ్వువారి కథలు వినుచు పెరిగిన మాకు, ఒకడు పనిమాలి గుహలలో రత్నములకై దేవులాడుట ఏమాత్రమును వింతగా తోచలేదు. అట్టివాని త్రోవలో నిప్పుండుట న్యాయమే యనిపించెను.

“ఏందిరా ఆ దుముకుడు?” అని సారు వెనుకనుండి గర్జించినచో, “యారో కీలు ప్రాక్టీసు సార్!” అనుట మాకు కంఠస్థమైన మొదటి పాఠము. ఇంటివద్ద పరీక్ష వేరు.

“కంప్యూటరు యాడిదాకా వచ్చిందిరా?”

“మూడో లెవెలు అయిపోయింది, నాయనా.”

“ఇంకెన్ని ఉండాయి?”

“ఏడు.”

తలుపు దాటినప్పుడెల్ల మిగిలిన లెక్క ఆ ఆటయే తెరపై చెప్పుచుండుటచే నేను తడుముకొనలేదు. నా నిలుకడకు మెచ్చి నాయన మరుసటి నెల ఫీజు ఆనాడే యిచ్చెను. ఆటను దాచుకొను సదుపాయ మందు లేదు గనుక, వేసవి కరెంటు కోత వచ్చినప్పుడెల్ల నా చదువు మరల ఒకటవ తరగతికి దిగిపోవుచుండెనని ఆయనకు విన్నవింపలేదు.

ఆ యాటలో తెర డేవుతో కూడ నడువదు. అతడు అంచు చేరువరకు కదలక మెదలక యుండి, పిదప, గిద్దలూరులో క్రాసింగుకై నిలిచి నిలిచి ఒక్క కుదుపుతో బయలుదేరు పూర్వపు మీటరుగేజి పాసింజరువలె, దృశ్యమంతయు ఒక్కసారిగా జరుగును. ఆ కాలపు పీసీల శక్తి అంతే యని లోకము సరిపెట్టుకొనియుండగా, 1990 సెప్టెంబరులో రొమీరో మిత్రుడు జాన్ కార్మాక్ అనునాతడు తెరను మృదువుగా నడిపించు ఉపాయము కనిపెట్టి, టామ్ హాల్‌తో కలిసి ఒక్క రాత్రిలో మారియో ఆటలోని మొదటి ఘట్టమును పీసీపై దింపి, మారియో స్థానమున మన డేవునే నిలిపెను. మారియో యజమానియైన నింటెండో పీసీ వ్యాపారము వలదనగా, ఆ యుపాయముతోనే ఆ మిత్రబృందము అదే డిసెంబరున ‘కమాండర్ కీన్’ అను ఆటను వెలువరించి, 1991లో ఇడ్ సాఫ్ట్‌వేర్ స్థాపించి, 1993లో ‘డూమ్’ను లోకముపై వదలెను.

ఇంతటి వంశమునకు మూలపురుషుడైన డేవు పేరు మా సెంటరువారిచ్చిన సర్టిఫికెట్టులో ఎక్కడను లేదు. డాస్ అనియు, వర్డ్‌స్టార్ అనియు మాత్రమే వ్రాసిరి. మేము నిజముగా నేర్చినదానిని వ్రాయదలచియుంటిరేని, ఆ రెండును కొట్టివేసి డేవు నొక్కని పేరే వ్రాయవలసియుండెను.